నేల మీద పడిన పిండి కదలదు: 22 సెకన్ల ముగ్గు వెనక పని

2024 డిసెంబరులో ఒక మిఠాయి దుకాణం వారు సంక్రాంతికి చిన్న యానిమేషన్ కావాలన్నారు. దుకాణం గోడ మీది టీవీలో రోజంతా తిరగాలి, వాట్సాప్‌లో పంపుకోవడానికీ పనికిరావాలి. నిడివి 22 సెకన్లు. కల్లాపి చల్లిన వాకిలి, ఒక చేయి వచ్చి చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేస్తుంది, చివర వాళ్ల పేరు. మాటలు లేవు. చేతిలో పన్నెండు రోజులు, పనికి నేనొక్కడినే.

వినగానే సులువనిపించింది. గీత దానంతటదే గీసుకుంటూ పోయే యానిమేషన్ మా వృత్తిలో మొదటి నెలలోనే నేర్చుకుంటారు. పన్నెండు రోజుల్లో తొమ్మిది రోజులు ఆ గీత ఒక్కదాని మీదే పోయాయి. ఎందుకు పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పనిముట్టు

బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌తో చేశాను. త్రీడీ సాఫ్ట్‌వేర్ లోపల కాపురం పెట్టిన టూడీ పెన్సిల్ అది. అందులో గీసిన గీత రంగు ముద్ద కాదు, వరుసగా పేర్చిన పాయింట్ల దండ. ప్రతి పాయింటుకూ తన చోటు, తన మందం, తన గాఢత ఉంటాయి. గీసేసిన వారం తర్వాత కూడా గీతను లావు చేయవచ్చు, వణికించవచ్చు, చుక్కలుగా విడగొట్టవచ్చు.

ఈ మార్పులు రెండు రకాలుగా జరుగుతాయి. మాడిఫైయర్లు పాయింట్ల మీద పనిచేస్తాయి, అంటే గీత తెర మీదికి రాకముందే దాన్ని మారుస్తాయి. ఎఫెక్టులు తెర మీదికి వచ్చిన బొమ్మ మీద పనిచేస్తాయి: మసక, మెరుపు, నీడ వంటివి. మాడిఫైయర్‌ను ఫలానా లేయర్‌కే (పొరకే), ఫలానా మెటీరియల్‌కే (గీత రంగూ తీరూ నిర్ణయించే అమరికకే) పరిమితం చేసుకోవచ్చు. ఎఫెక్టుకు ఆ వెసులుబాటు లేదు, ఆబ్జెక్టు (ఫైలులో విడిగా ఉండే ఒక్కో వస్తువు) మొత్తం మీద పడుతుంది. అందుకని పిండి, చేయి, వాకిలి మొదటి రోజే మూడు వేర్వేరు ఆబ్జెక్టులయ్యాయి. వాకిలిని క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌లో రంగులతో వేసి బొమ్మగా తెచ్చుకున్నాను. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

సరిగ్గా అంతకు ముందు నెల, నవంబరులోనే బ్లెండర్ 4.3 వచ్చింది. అందులో గ్రీజ్ పెన్సిల్‌ను పునాదుల నుంచి తిరగరాశారు. చూడాలని మనసు పీకింది కానీ, గడువున్న పని మధ్యలో ఇల్లు మారే ధైర్యం నాకు లేదు. 4.2 లోనే ఉండిపోయాను. కింద చెప్పే అమరికలన్నీ ఆ సంచికవే.

పెద్దమ్మ వేళ్లు

పని మొదలుపెట్టే ముందు తణుకు దగ్గర ఊళ్లో ఉన్న పెద్దమ్మకు ఫోను చేసి, తెల్లవారుజామున ముగ్గు వేసేటప్పుడు వీడియో తీయించి పంపమన్నాను. ధనుర్మాసం కాబట్టి రోజూ పెద్ద ముగ్గే. 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు. మధ్య వరుసలో 7, పైనా కిందా 6, 5, 4. మొత్తం 37 చుక్కలు.

ఆ వీడియోను నెమ్మదిగా తిప్పి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పిండి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ సందులోంచి జారుతోంది. మిగతా వేళ్లు గుప్పిటలోని పిండిని ముందుకు తోస్తున్నాయి. చేయి నేలకు అంటదు, రెండు అంగుళాల ఎత్తున ఉంటుంది. చేయి వేగంగా పోయినచోట గీత సన్నం. మెలిక తిరిగేచోట చేయి నెమ్మదిస్తుంది, పిండి కాస్త ఎక్కువ రాలుతుంది, గీత బలుస్తుంది. గుప్పిట ఖాళీ అవుతుంటే గీత పల్చబడి తెగుతుంది. ఇంకో గుప్పెడు తీసుకుని, తెగినచోటికి అరంగుళం వెనక నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ అతుకు దగ్గర చిన్న ముడి.

ఇక్కడే నా టాబ్లెట్‌కూ ముగ్గుకూ చుక్కెదురు. టాబ్లెట్ మీద కలాన్ని ఎంత నొక్కితే గీత అంత లావు. ముగ్గులో నొక్కడమనేదే లేదు, లావును నిర్ణయించేది వేగం. నొక్కుడును నమ్ముకుని గీసిన నా మొదటి ముగ్గు కుంచెతో వేసిన అక్షరాల్లా ఉంది. ముచ్చటగానే ఉంది కానీ పిండి కాదు. దాన్ని పక్కన పడేసి, బ్రష్‌లో నొక్కుడుకు మందం మారే మీట ఆపేసి, గీతలన్నీ ఒకే మందంతో మళ్లీ గీశాను. తర్వాత గీసేసిన గీతను సవరించే స్కల్ప్ట్ మోడ్‌లో థిక్‌నెస్ బ్రష్ తీసుకుని, వీడియో పక్కన పెట్టుకుని, మలుపు మలుపునా చేత్తో లావు చేశాను. అతుకులు కూడా అక్కడే పెట్టాను. ఒక పూట పని. మొత్తం ప్రాజెక్టులో ఇంత తృప్తినిచ్చిన పూట ఇంకోటి లేదు.

గీత కాదు, గింజలు

మందం కుదిరింది కానీ అంచులు కత్తితో కోసినట్టున్నాయి. పిండి గీతకు అంచు ఉండదు. మధ్యలో దట్టంగా, పక్కలకు పోనుపోను పొడిపొడిగా ఉంటుంది.

ముందు అందరూ చేసేదే చేశాను. నల్ల చార్టు మీద ముగ్గుపిండితో ఒక గీత వేసి, ఫొటో తీసి, దాన్నే గీత మెటీరియల్‌కు టెక్స్చర్‌గా అతికించాను. ఒక్క గీత మీద చూస్తే ప్రాణం లేచొచ్చింది. ముగ్గు మొత్తం మీద చూస్తే ప్రతి బెత్తెడు దూరానికీ అదే గింజల గుంపు తిరిగి కనిపిస్తోంది, అచ్చు వేసిన చీర అంచులాగా. బొమ్మ పరుపును మార్చే యూవీ ఫ్యాక్టర్‌తో సాగదీస్తే గింజలూ సాగాయి. టెక్స్చర్ దారి అక్కడితో వదిలేశాను.

ఈ తిప్పలు నాకు కొత్త కావు. ఫ్లాష్ అనే పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్ రోజుల్లో గీతకు స్టిపుల్ అనే ఒక శైలి ఉండేది. గీతను చుక్కలుగా చిమ్మేది. చుక్క ఎంత ఉండాలి, ఎంత తేడాగా ఉండాలి, ఎంత దట్టంగా ఉండాలి అని మూడు పెట్టెలు. చూడటానికి సరిగ్గా ముగ్గే. రెండు గీతలు గీస్తే కంప్యూటర్ మూలిగేది. 2005లో వచ్చిన ఫ్లాష్ 8లో నీడ, మెరుపు, మసక ఫిల్టర్లు ఇచ్చారు కానీ, వాటిని ఉత్త గీతకు వేయనిచ్చేవారు కాదు. గీతను మూవీ క్లిప్ అనే పొట్లంలో చుట్టి అప్పగించాలి. ఆ స్టిపుల్ గుర్తొచ్చాకే దారి దొరికింది.

ముగ్గు ఆబ్జెక్టుకు నకలు తీశాను. అసలు దాన్ని గట్టి తెలుపు గీతగానే ఉంచి కాస్త సన్నం చేశాను. ఇది దట్టమైన నడుమ. నకలుకు మెటీరియల్‌లో గీత రకాన్ని లైన్ నుంచి డాట్స్‌కు మార్చాను. అప్పుడు ప్రతి పాయింటు దగ్గరా ఒక చుక్క పడుతుంది. పాయింట్లు ఎక్కడ ఉంటే అక్కడే చుక్క కాబట్టి ముందుగా సింప్లిఫై మాడిఫైయర్‌ను శాంపిల్ పద్ధతిలో పెట్టి, పాయింట్లను సమాన దూరంలో దగ్గరదగ్గరగా పరిచాను. పేరు చూసి అది పాయింట్లను తగ్గించడానికే అనుకుంటారు. శాంపిల్ పొడవు బాగా చిన్నదిస్తే పెంచుతుంది కూడా. దాని కింద నాయిస్ మాడిఫైయర్: చోటును చెదరగొట్టడానికి కొంత, మందాన్ని చెదరగొట్టడానికి ఎక్కువ. నాయిస్ స్కేల్‌ను చివరిదాకా తోస్తే చెదురు అలలు అలలుగా కాకుండా గింజకు గింజ విడిగా వస్తుంది. చుక్కల బదులు చదరాలూ పెట్టి చూశాను. ఆ పరిమాణంలో తేడా కనిపెట్టగలిగినవారికి నమస్కారం.

పాయింట్లు పెరిగేసరికి తెర నత్తనడక నడిచింది. ప్రతి మాడిఫైయర్‌కూ పని చేసేటప్పటి తెరకు ఒక బొత్తం, రెండరుకు, అంటే ఆఖరి వీడియో తయారీకి, ఒక బొత్తం వేరుగా ఉంటాయి. నకలు ఆబ్జెక్టులో తెర బొత్తాలు ఆపి, రెండరువి ఉంచాను.

చీమలు

మొదటి కూర్పు దుకాణం వారికి చూపించే ముందు పెద్దమ్మకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోను.

"ముగ్గు బాగుంది నాన్నా. పిండికి చీమలు ఎందుకు పట్టాయి?"

చీమలేమిటో ముందు అర్థం కాలేదు. వీడియో మళ్లీ వేసి, నా కళ్లతో కాకుండా ఆవిడ కళ్లతో చూశాను. నిజమే, గీతలన్నీ కదులుతున్నాయి.

దానికి కారణం నా అలవాటు. పూర్వం చేత్తో వేసే యానిమేషన్‌లో ఒకే గీతను ప్రతి బొమ్మలోనూ కొత్తగా గీసినచోట, కదలని గీత కూడా బొమ్మ బొమ్మకూ వెంట్రుకవాసి జరిగేది. తెర మీద అది సన్నగా మరుగుతున్నట్టు ఉంటుంది. మేం దాన్ని బాయిల్ అంటాం. కంప్యూటర్ గీత చచ్చిన పాములా పడి ఉండకూడదని ఇప్పుడు దాన్నే కావాలని పుట్టిస్తాం. నాయిస్ మాడిఫైయర్‌లో రాండమైజ్ గడి టిక్కు పెట్టి, స్టెప్ 4 అనో 3 అనో ఇస్తే, అన్ని ఫ్రేములకోసారి (సెకనుకు 24 బొమ్మలు, ఒక్కోటీ ఒక ఫ్రేము) గీత కొత్తగా వణుకుతుంది. స్టెప్ 1 ఇస్తే జ్వరమొచ్చినట్టు ఊగిపోతుంది. నేను చేయి అలవాటుతో ఆ టిక్కు పెడుతున్నాను. ఇక్కడా పెట్టాను. గింజ గింజా నాలుగు ఫ్రేములకోసారి చోటు మారింది. సెకనుకు ఆరుసార్లు. చీమలే కదా మరి!

పిండి ఒకసారి నేల మీద పడ్డాక కదలదు. కల్లాపి తడికి అతుక్కుపోతుంది. కదిలేది చేయి, గాలిలో ఉన్న పిండి, అంతే. ఈ చిన్న సంగతి తలకెక్కాక ప్రాజెక్టులోని ప్రతి అమరికనూ ఒకే ప్రశ్నతో తిరిగి చూశాను: ఈ గీతకు కదిలే హక్కు ఉందా?

పిండి మీద రాండమైజ్ తీసేశాను. నాయిస్ ఉంది, కానీ గడ్డకట్టింది. చేయికి మాత్రం ఆ బాయిల్ ఉంచాను, అదీ మాడిఫైయర్‌తో కాదు. ఆరు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టి విడివిడిగా గీసి, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపి తిప్పాను. అంటే 12 ఫ్రేములకు ఒక చుట్టు, సెకనుకు రెండు చుట్లు. గాజుల దగ్గర గీత కాస్త ఎక్కువ తేడాగా పడింది, గాజులు కదలాలి కాబట్టి అలాగే వదిలేశాను. వేళ్ల కింద రాలే పిండిని కూడా చేయి ఆబ్జెక్టులోనే నాలుగైదు చుక్కలుగా గీశాను.

మరిగే చేయి పక్కన నిశ్చలంగా ఉన్న పిండి పెట్టేసరికి, నేను అనుకోనిది ఒకటి జరిగింది. పిండికి బరువు వచ్చింది. అప్పటిదాకా గాలిలో తేలుతున్న తెల్లగీత నేల మీద కూర్చుంది.

వరుస తప్పితే పాము

గీత క్రమంగా కనిపించడానికి బిల్డ్ మాడిఫైయర్ వాడాను. మాడిఫైయర్లు పై నుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయి. పైది ఇచ్చినదాన్నే కిందది అందుకుంటుంది. తెలిసిన విషయమే, అయినా బిల్డ్‌ను అన్నిటికంటే పైన పెట్టాను, మొదట చేర్చింది అదే కాబట్టి.

అతుకుల దగ్గర గీత పల్చబడేందుకు థిక్‌నెస్ మాడిఫైయర్‌లో ఒక వంపు గీసి ఉంచాను: మొదట్లో సన్నం, నడుమ లావు, చివర సన్నం. ఈ వంపును అది తనకు అందిన గీత మొత్తం పొడవుకూ పరుస్తుంది. పైన బిల్డ్ ఉంటే దానికి అందేది అప్పటిదాకా బయటపడిన ముక్క మాత్రమే. ముక్క పెరిగేకొద్దీ వంపూ సాగుతుంది. ఇందాక సన్నగా ఉన్నచోటు ఇప్పుడు లావవుతుంది, తోక మాత్రం ఎప్పుడూ సన్నగానే ముందుకు జరుగుతుంటుంది. వాకిట్లో తెల్లపాము పాకినట్టే ఉంది. రాలిన పిండి రాలిన తర్వాత లావెక్కదు. బిల్డ్‌ను అట్టడుక్కి దించాను. ముందు మందం తేలిపోతుంది, చెదురు తేలిపోతుంది, ఆ తర్వాతే తెర తీయడం. పాము పోయింది.

దాని వెనకే ఇంకో తంటా. దట్టమైన నడుమకూ గింజల నకలుకూ బిల్డ్ శాతాలు ఒకటే ఇచ్చినా, మలుపుల దగ్గర గింజలు ముందు పరిగెత్తుతున్నాయి, గీత వెనకబడుతోంది. చేయి ఇంకా రాకముందే పిండి పడుతోంది. సగం రోజు తల పట్టుకున్నాక తట్టింది: బిల్డ్ లెక్కపెట్టేది పొడవును కాదు, పాయింట్లను. కలంతో గీసినప్పుడు మలుపుల్లో నా చేయి నెమ్మదించింది, అక్కడ పాయింట్లు కిక్కిరిశాయి, కాబట్టి అసలు గీత అక్కడ ఆగి ఆగి నడుస్తోంది. నకలులో శాంపిల్ పాయింట్లను సమానంగా పరిచింది కాబట్టి అది ఒకే వేగంతో పోతోంది. రెండిటికీ ఒకే శాంపిల్ పెట్టి సమానం చేసి, మలుపు దగ్గర నెమ్మదించడాన్ని శాతం కీలతో (ఏ ఫ్రేముకు ఎంత శాతం అని చెప్పే గుర్తులతో) చేత్తో పెట్టుకున్నాను.

చేత్తో ఎందుకు, గీసిన వేగాన్నే వాడుకునే ఏర్పాటు బిల్డ్‌లో ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, పెట్టి చూశాను. నేను టాబ్లెట్ మీద ముగ్గు గీసిన వేగం, ముగ్గు రానివాడు ముగ్గు గీసిన వేగం. ప్రతి చుక్క దగ్గరా ఆగి, ఎటు తిరగాలో ఆలోచించి, అప్పుడు తిరిగింది. పెద్దమ్మ చేయి అలా ఆగదు. ఆవిడ వీడియోలోని వేగాన్ని చూసే కీలు పెట్టాను.

చుక్కల వరుస కూడా ఆవిడదే: ముందు మధ్య 7, తర్వాత పైకి 6, 5, 4, మళ్లీ కిందికి. నేను పై నుంచి కిందికి వరుసగా గీసుకుపోయాను. బిల్డ్‌ను సీక్వెన్షియల్‌లో పెడితే గీతలు పేర్చిన వరుసలోనే వస్తాయి కాబట్టి ఎడిట్ మోడ్‌లో గీతలను ముందుకూ వెనక్కూ జరిపి సరిచేశాను. పై నుంచి పెడితే సందు చుక్కకు కొలత ఎక్కడ నుంచి వస్తుంది అని ముగ్గు తెలిసిన ఎవరైనా అడుగుతారు. చుక్కకు 3 ఫ్రేములు, 37 చుక్కలకు 111, అంటే నాలుగున్నర సెకన్లకు పైచిలుకు. దుకాణం వారికి అది ఎక్కువనిపించింది. చుక్కలు లేకుండా ముగ్గు మొదలవదని నచ్చజెప్పాను, ఒప్పుకున్నారు.

మెరుపు అడిగారు, నీడ ఇచ్చాను

వాళ్లు ముందునుంచీ అడిగింది "ముగ్గు మెరవాలి" అని. గ్లో ఎఫెక్టు వేసి చూపించాను. వాకిట్లో ట్యూబులైటు వంచి పెట్టినట్టుంది. వాళ్లే వద్దన్నారు. దాని బదులు షాడో ఎఫెక్టును అతి చిన్న దూరంతో, కొద్ది మసకతో, కల్లాపి రంగు కంటే కాస్త ముదురుగా వేశాను. పొద్దున్నే ఏటవాలు ఎండలో పిండికి ఉండే పాటి ఎత్తు వచ్చింది. నీడ ఉందని ఎవరూ గమనించరు. తీసేస్తే మాత్రం ఏదో పోయిందంటారు. దాన్ని దట్టమైన నడుమకే వేశాను. గింజల నకలుకు కూడా వేస్తే ప్రతి గింజకూ నీడ పడి ముగ్గు మురికిగా కనిపించింది.

తెలుపు సంగతి వేరే కథ. ఎంత తెల్లటి రంగు ఇచ్చినా రెండరులో పిండి బూడిద రంగులో వస్తోంది. రంగు మళ్లీ మళ్లీ ఎంచుకున్నాను, పిచ్చివాడిలా. దోషం రంగుది కాదు, రంగులను తెరకు తగ్గట్టు మార్చే వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ది. బ్లెండర్ 4.0 నుంచి మామూలు కొత్త ఫైలులో అది ఏజీఎక్స్ అనే పద్ధతిలో ఉంటుంది. త్రీడీ వెలుగులను మెత్తగా అణచడానికి అది మంచిదే. చదును రంగులతో చేసే టూడీ పనికి స్టాండర్డ్‌కు మార్చుకోవాలి. ఇది నాకు తెలుసు. ప్రతి కొత్త ఫైలులోనూ మరిచిపోతాను.

మెలికలు ఒకదాన్నొకటి దాటేచోట ఇంకో చిక్కు వచ్చింది. పిండి గాఢతను 0.85కు తగ్గించాక, గీత తన మీద తానే దాటినప్పుడు ఆ ముడి మిగతా గీత కంటే తెల్లగా అయింది. మెటీరియల్‌లో సెల్ఫ్ ఓవర్‌ల్యాప్ ఆపేస్తే గీత తనను తాను దాటేచోట చదునవుతుంది. వేర్వేరు గీతలు దాటేచోట మాత్రం తెలుపు పెరుగుతూనే ఉంటుంది. నిజం ముగ్గులోనూ దాటేచోట పిండి మీద పిండి పడుతుంది కాబట్టి ఆ సగం సగాన్ని అలాగే ఉంచాను.

ఎడమచేయి

ఇవ్వాల్సిన రోజుకు ముందు సాయంత్రం ఆఖరి కూర్పు పెద్దమ్మకు పంపాను. చీమల్లేవంది. పిండి పిండిలానే ఉందంది. కాసేపు ఆగి, "ఎడమ పక్క మెలికలు ఎడమచేత్తో వేసిందే ఆ పిల్ల" అంది.

ముగ్గుకు ఎడమ వైపున చేయి అడ్డొచ్చి గీత కనబడటం లేదని, చేయి ఆబ్జెక్టును అడ్డంగా తిరగేసి, అటు నుంచి వచ్చేలా పెట్టాను. అద్దంలో బొమ్మ కాబట్టి కుడిచేయి ఎడమచేయి అయింది. బొటనవేలు అటు పోయింది. నాకు కనబడలేదు, దుకాణం వారికీ కనబడలేదు. పండగ ముగ్గు ఎడమచేత్తో వేస్తే మన ఇళ్లలో ఎవరికి కనబడదు?

ఆ రాత్రి ఆరు బొమ్మలూ కొత్తగా గీశాను. ఈసారి కుడిచేయే, మణికట్టు వంచి ముగ్గు మీదుగా ఎడమ పక్కకు చాచినట్టు. పెద్దమ్మ వీడియోలో ఆవిడ అలాగే చాచింది. మొదటి రోజు నుంచీ అది నా కళ్ల ముందే ఉంది. తెల్లవారి నాలుగింటికి రెండరు పెట్టాను, పదింటికి ఫైలు పంపాను. ఆ ఎడమచేయి ఇంకా ఫైలులోనే ఉంది, లేయర్‌కు కన్ను మూసి ఉంచాను.